రిబ్కమ్మను ఆశ్రమానికి తిరిగి పంపుట గురించి

బెల్లంపల్లి,
ఫిబ్రవరి 12.

‘ఇంటిబాట’ కార్యక్రమం ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,

చల్లని నీడ వృద్ధుల నివాసంలో ఉంటున్న ఇస్తారి, వయస్సు డెబ్బై నాలుగు, బొగ్గుబాయి మీద హాజరు గుమాస్తాగా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరైనవాడు, తన తరఫునను, తోటి ఏడుగురి తరఫునను వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గత అక్టోబరు ఒకటవ తేదీన తమరు కుమారునికి అప్పగించిన మా ఆశ్రమవాసి రిబ్కమ్మ, వయస్సు డెబ్బై ఒకటి, అను ఆమెను తిరిగి మాకు అప్పగించుట గురించి, సదరు సందర్భమున మేము తమకు చెప్పిన అబద్ధములను వెనుకకు తీసుకొనుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు తేదీన, అనగా అంతర్జాతీయ వృద్ధుల దినమున, ముసలివాళ్ళను పిల్లల ఇండ్లకు చేర్చే ఇంటిబాట పని మీద తమరు మా ఆశ్రమానికి దయచేసినారు. తమ వెంట ముగ్గురు సిబ్బంది, ఇద్దరు విలేకరులు, ఒక ఫ్లెక్సీ వచ్చినవి. ఫ్లెక్సీ మీద ‘వృద్ధాశ్రమం లేని ఊరే మన ధ్యేయం’ అని ఉన్నది. మా ఇల్లు లేకుండా చేస్తామని మా ఇంటి గోడకే కట్టడం తమకు తప్పుగా తోచలేదు. ఆ మాటకొస్తే మాకూ తోచలేదు. కట్టేవాడు ఎక్కిన స్టూలు కదలకుండా పట్టుకున్నది నేనే.

2. తమరు కుర్చీలో ఆసీనులై, మాలో ఇంటికి పోవాలని ఎవరికి ఉన్నదో చెప్పమని అడిగారు. ఎవరూ నోరు మెదపలేదు. తమరు దాన్ని బిడియం అనుకున్నారు. బిడియం కాదు, పంపేస్తారని భయం. పిమ్మట తమరు ప్రశ్న మార్చి, మంచి పిల్లలు ఎవరికి ఉన్నారని విచారించగా, మేమందరం ఏకకంఠంతో రిబ్కమ్మ పేరు చెప్పాము. ఆమె కొడుకు డేవిడ్ బంగారమని, జైనూర్‌లో జీపు నడుపుతాడని, తల్లి కోసం ప్రత్యేకంగా గది కట్టించాడని, వచ్చి ఉండమని కొడుకు బతిమాలుతున్నా ఈమే పోవడం లేదని చెప్పాము. మా భూమన్న అయితే ఆ గది కిటికీ ఏ దిక్కున ఉన్నదో కూడా చెప్పాడు. ఆ గదిని మాలో ఎవరూ చూడలేదు. డేవిడ్‌నూ చూడలేదు.

రిబ్కమ్మ తల వంచుకుని కొంగు సరిచేసుకుంటూ కూర్చుంది. ఆమె మొహం తెల్లబోవడం నేను చూశాను. సంతోషం పట్టలేక అనుకున్నాను. హాజరు వేసేటప్పుడు మొహం చూసి ఎవడు తాగి డ్యూటీకి వచ్చాడో, ఎవడు ఇంట్లో కొట్లాడి వచ్చాడో చెప్పగలిగేవాణ్ణి. అయినా అట్లా అనుకున్నాను.

తమరు ఫోను కొట్టించారు. మధ్యాహ్నానికి డేవిడ్‌ను పోలీసు మనిషి వెంటబెట్టుకుని వచ్చాడు. తల్లి కాళ్ళు మొక్కమన్నారు, మొక్కాడు. ఫోటో సరిగా రాలేదని మళ్ళీ మొక్కమన్నారు, మళ్ళీ మొక్కాడు. మరుసటి రోజు పేపరులో రెండో మొక్కే పడింది.

3. మేము ఎందుకు అట్లా చెప్పామో విన్నవించుకోనిదే ఈ అర్జీ తమకు అర్థం కాదు. మా ఆశ్రమంలో టీవీ ఉంది గానీ దానికి ప్రాణం లేదు. సాయంత్రం చాయ్ తాగినాక అందరం వరండాలో కూర్చుని ఎవరి జీవితం వాళ్ళు చెప్పుకుంటాం. మాలో బాయి మీద బతికినవాళ్ళు ఎక్కువ కాబట్టి దానికి సెకండ్ షిఫ్టు అని పేరు పెట్టుకున్నాం. ఈ షిఫ్టుకు నిబంధన ఒక్కటే. ఎదుటివారి ముచ్చటను ఎవరూ కాదనరాదు. నిన్న ఒక తీరుగా చెప్పి ఇవాళ ఇంకో తీరుగా చెప్పినా ఇవాళ చెప్పిందే వినాలి. వీలైతే ఒక ముక్క కలపాలి కూడా. డేవిడ్ గది కిటికీ అట్లా కలిపిన ముక్కే.

4. ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ళ కింద మల్లన్న అనే పెద్దమనిషి మాతో ఉండేవాడు. తనకు ఆరు జతల ఎడ్లుండేవని, ఏ ఎద్దు ఎట్లాంటిదో పేరుపేరునా చెప్పేవాడు. ఆయన ఊరివాడే అయిన హనుమండ్లు కొత్తగా చేరి, రెండు రోజులు విని, మూడో రోజు ఆగలేకపోయాడు. “ఎడ్లు నీయి కావు గద మల్లన్నా. పటేలు దగ్గర జీతమున్నవ్, ఎడ్లను కాసినవ్” అన్నాడు. అన్నది నిజమే. మల్లన్న లేచాడు. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి పోయాడు. ఆ తరువాత షిఫ్టుకు రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, వానలు పడకముందే పోయాడు. డాక్టరు గుండె అని రాశాడు. ఆ గుండె ఎక్కడ ఆగిందో మాకు తెలుసు.

అప్పటి నుంచి హనుమండ్లే ఆ ఎడ్ల పేర్లు మాకు చెబుతుంటాడు. మల్లన్న ఎడ్లు అనే చెబుతాడు.

5. రిబ్కమ్మ గురించి తమ వద్ద ఉన్న కాగితంలో ‘క్రైస్తవురాలు, వితంతువు, ఒక కుమారుడు’ అని మాత్రమే ఉన్నది. మిగతాది నేను చెబుతాను. మిషను బడి హాస్టల్లో వంట చేసేది. నాలుగేళ్ళ కింద మా దగ్గరికి వచ్చింది. ప్రొద్దున ప్రార్థనలో మా అందరి పేర్లూ చెప్పేది. లింగవ్వ మోకాళ్ళు, భూమన్న దగ్గు, నా బీపీ ఎంతున్నదీ అంకెతో సహా పైకి నివేదించేది. నేను ఏనాడూ గుడికి గానీ చర్చికి గానీ పోయినవాణ్ణి కాదు. అయినా ఎక్కడో ఒకచోట నా హాజరు రోజూ పడుతున్నదని ధైర్యంగా ఉండేది.

షిఫ్టులో ఆమె ముచ్చటంతా డేవిడే. క్రిస్మసుకు డేవిడ్ పంపాడని కేకు పంచేది. ఆ కేకు పాస్టరు గారి చేత తెప్పించుకున్నదని మాకు తెలుసు. డబ్బా మీద బెల్లంపల్లి బజారు బేకరీ పేరు అచ్చు వేసి ఉండేది. జైనూర్ నుంచి వచ్చిన కేకుకు బెల్లంపల్లి డబ్బా ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు. కేకు బాగుండేది. డేవిడ్‌ను తలా ఒక మాట మెచ్చుకుని తినేవాళ్ళం. మొన్న క్రిస్మసుకు మేనేజరు లింగమూర్తి పాపం తనే కేకు తెచ్చి పెట్టాడు. ఎవరికీ మింగుడుపడలేదు.

6. ఇక నా నేరము. డేవిడ్ నుంచి హామీ పత్రం రాయించుకోవాలని తమరు నిశ్చయించిన సమయానికి కరెంటు పోయింది, తమ కంప్యూటరు నిలిచిపోయింది. చేవ్రాత బాగున్నవారు ఎవరని అడిగారు. అందరూ నన్ను చూపించారు. బాయి మీద వందలమందికి సెలవు అర్జీలు, కంపెనీ ఇల్లు ఇప్పించమని కోటర్ అర్జీలు రాసిపెట్టిన చెయ్యి. తమరు నోటితో చెప్పింది ఒక్క ముక్కే, తల్లిని మళ్ళీ ఈ ఆశ్రమానికి పంపనని రాయమన్నారు. నేను ఆ ముక్కతో ఊరుకోలేదు. ‘ఈ ఆశ్రమమునందు గాని, మరి ఏ ఇతర ఆశ్రమమునందు గాని, సత్రమునందు గాని, బంధుమిత్రుల ఇండ్లయందు గాని నా తల్లి కనిపించిన యెడల, నాపై తీసుకొను సమస్త చర్యలకు, కేసుతో సహా, కట్టుబడి యుందును’ అని రాశాను. సందు లేకుండా రాయడం నాకు అలవాటు. తమరు చదివి వకీలు కూడా ఇట్లా రాయలేడని మెచ్చుకున్నారు. కుడిపక్కన సాక్షిగా నేను, నా కింద భూమన్న సంతకం చేశాం. ఒక ప్రతి ఠాణాకు పోయింది.

తమరు మెచ్చుకున్న ఆ మాట తలచుకుంటూ నేను వారం రోజులు ఉబ్బిపోయి తిరిగాను. ఇది కూడా నేరంలో భాగంగా నమోదు చేసుకొనవలసినది.

7. పిమ్మట మూడు మాసములకు పైగా రిబ్కమ్మ నుండి ఎట్టి సమాచారము లేదు. లింగమూర్తి ఫోను చేస్తే డేవిడ్ బాగానే ఉందని చెప్పి పెట్టేసేవాడు. తల్లికి ఇమ్మంటే తరువాత చేస్తాననేవాడు. ఆఖరికి జనవరిలో నేనూ భూమన్నా బయలుదేరాం. ఆసిఫాబాద్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కెరమెరి ఘాటు ఎక్కి జైనూర్ దాకా ఇంకో బస్సు. భూమన్న దారిపొడుగునా దగ్గాడు. నాగోబా జాతర రోజులు, జీపులన్నీ జాతర జరిగే కేస్లాపూర్‌కే తిరుగుతున్నాయి. డేవిడ్ ఇంట్లో లేడు. కోడలు క్యాథరిన్ మాకు మంచినీళ్ళిచ్చి వెనకవైపు చూపించింది.

గది ఉన్నది. అంత మటుకు మేము తమకు చెప్పింది అబద్ధం కాదు. జీపు టైర్లు, టార్పాలిన్లు పెట్టుకోవడానికి వేసిన రేకుల గది. వాటిని ఒక పక్కకు జరిపి మంచం వేశారు. కిటికీ లేదు. భూమన్న ఆ గోడ వంక అట్లా చూస్తూ నిలబడిపోయాడు.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి. కంచంలో అన్నం, పప్పు, గుడ్డు ఉన్నాయి. ఆ ఇంట్లో రిబ్కమ్మను ఎవరూ తిట్టరు, కొట్టరు. క్యాథరిన్ కంచం తెచ్చి గడప మీద పెట్టి పోయింది. రిబ్కమ్మ తీసుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మేము ఉన్నంతసేపూ అంతే.

ఏమైందమ్మా అని అడిగితే రిబ్కమ్మ కంచం పక్కకు జరిపింది. “బువ్వ వెడ్తరు అన్నా. యాళ్లకు వెడ్తరు. మాట వెట్టరు” అన్నది. ప్రార్థన కూడా పెదవుల్లోనే చేసుకుంటున్నదట, కోడలు చెవిన పడకుండా.

ఎందుకో అప్పుడు చెప్పింది. ఎనిమిదేళ్ళ కింద వానాకాలంలో మూడేళ్ళ మనుమడు సన్నీకి జ్వరం వచ్చింది. డేవిడ్ ఉట్నూర్ దవాఖానకు పోదామని జీపు తీశాడు. దారిలో వాగు పొంగి పారుతున్నది. రిబ్కమ్మ జీపుకు అడ్డం నిలబడింది. పోతే ముగ్గురూ పోతారని, తెల్లారేసరికి వాగు తగ్గుతుందని, ఆగమని ఏడ్చింది. ఆగారు. తెల్లారేసరికి వాగు తగ్గింది, పిల్లవాడు లేడు.

“ఆపకుంటె పిలగాడు బతుకునేమో. ఆపకుంటె ముగ్గురు కొట్టుకపోదురేమో. నాకు తెల్వది అన్నా. గా పిల్ల నన్ను చూసినప్పుడల్ల కొడుకు యాదికొస్తడు. ఎన్నేండ్లు చూస్తది? నేనే డేవిడ్‌ను బతిమాలి ఆశ్రమంల తోలిపిచ్చుకున్న. గా పిల్లకు జర ఊపిరాడుతదని.”

కాబట్టి అయ్యా, డేవిడ్ తల్లిని గెంటేసినవాడు కాడు. తల్లి అడిగితే, గేటు బయటనే ఏడుస్తూ దింపిపోయినవాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. డేవిడ్‌ను బంగారం చేసి చెప్పింది. మేము ఆ బంగారానికి మెరుగు పెట్టాం. తమరు దాన్ని నమ్మి, సన్నీ పోయినాక ఆమె నాలుగేళ్ళు కష్టపడి దాటివచ్చిన గడప లోపలికే మళ్ళీ నెట్టారు.

సాయంత్రం డేవిడ్ వచ్చాడు. మేము అడగకముందే పెట్టెలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. “అవ్వను మీతోని తోలియ్యాలని నాకు లేదా పెద్దబాపూ? గిట్ల రాసింది మీరే గద. చుట్టాలింటికి పంపుదమన్నా మీరు సందు వెట్టలే” అన్నాడు. నా చేవ్రాతే. అక్షరాలు ముత్యాల్లాగా ఉన్నాయి. చదవలేక మడిచి ఇచ్చేశాను.

వచ్చేటప్పుడు రిబ్కమ్మ గేటు దాకా రాలేదు. “ఆశ్రమంల అడిగితె కిటికీ ఉన్నదని చెప్పుండ్రి” అని మాత్రం అన్నది. వచ్చి అట్లాగే చెప్పాం. ఎవరూ కాదనలేదు. ఆ రోజు షిఫ్టు తొందరగా అయిపోయింది.

8. అటు పిమ్మట జనవరి ముప్పయ్యవ తేదీన తమ కార్యాలయానికి ఒక చిన్న అర్జీ పెట్టుకున్నాము. ‘గతంలో కుమారుడు మంచివాడని వాంగ్మూలం ఇచ్చినవారే ఇప్పుడు మార్చి చెప్పుచున్నారు. వీరి మాటకు విశ్వసనీయత లేదు’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. మార్చి చెప్పలేదు అయ్యా, డేవిడ్ ఇప్పటికీ మంచివాడే. ఇది ఆ ఎర్ర సిరాకు ఎట్లా చెప్పాలో మాకు తెలియలేదు.

మేము అబద్ధం ఆడతామని, ఆనాడు ఆ గది గురించి చెప్పిందీ అబద్ధమేనని తమరు నమ్మితేనే రిబ్కమ్మ ఇక్కడికి వస్తుంది. అందుచేత, మా విశ్వసనీయత ఎంతటిదో తమకు తేటతెల్లం చేయుట కొరకు, మాలో ఎవరెవరు ఏ అబద్ధంతో బతుకుతున్నారో వారి వారి ఇష్టపూర్వకంగా క్రింద పొందుపరచడమైనది. మా నిబంధనకు ఇది విరుద్ధం. ఈ ఇంట్లో ఒక మనిషి ఒక్క నిజంతో చచ్చిపోయాడని పైన విన్నవించాను. అది తెలిసే చెబుతున్నారు.

(అ) భూమన్న: బాయిలో పైకప్పు కూలిన నాడు ఇద్దరిని భుజాన వేసుకుని పైకి తెచ్చానని చెబుతాడు. ఆ రోజు హాజరు పట్టీ రాసింది నేను. భూమన్న పేరు ఎదుట గైరుహాజరు అని రాశాను. మరదలి పెళ్ళికి మంథని పోయాడు. ఆ ఇద్దరూ ఆయన జట్టువాళ్ళు, ఇద్దరూ బాయిలోనే చనిపోయారు. ఈ సంగతి నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఆరేళ్ళుగా ఆయన చెబుతున్నాడు, నేను వింటున్నాను. ఉండి ఉంటే తెచ్చేవాడే. దానికి నేను సాక్షిని. ఈ ముక్క రాయమని చెప్పి భూమన్న దగ్గు వస్తున్నదని లేచి వెళ్ళాడు.

(ఆ) హనుమండ్లు: మల్లన్నతో నిజం కోసం నిజం చెప్పానని అంటుండేవాడు. అదే పటేలు దగ్గర తాను గొర్రెలు కాసేవాడట. మల్లన్నవి కనీసం ఎడ్లు అని కడుపుమంట. అంతకు మించి ఏమీ లేదని రాయమన్నాడు.

(ఇ) లింగవ్వ: తనకు పిల్లలు పుట్టలేదని మాకు చెప్పింది. గొడ్రాలు అనిపించుకోవడం మన దగ్గర ఆడమనిషికి ఎంత మాటో తమకు తెలుసు. ఆ మాటనే ఏరికోరి తెచ్చుకుంది. ఇద్దరు కొడుకులు ఇదే ఊళ్ళో ఉన్నారు. చిన్నవాడు రోజూ మా గేటు ముందు నుంచే డ్యూటీకి పోతాడు. తల తిప్పడు. “పుట్టి గిట్ల పోతున్నరని చెప్పుకునేదానికంటె, పుట్టనే లేదనుకునుడు నయ్యం. రాయి అన్నా” అన్నది. ఇది రాస్తే నువ్వూ ఇంటిబాట కింద అర్హురాలివి అవుతావు, రేపు నీ కొడుకులనూ పిలిపిస్తారు అని హెచ్చరించాను. తెలుసు, రాయమంది.

మిగతా నలుగురివి తమరు పిలిస్తే నోటితో చెబుతామన్నారు. రాస్తే చెరగదని వాళ్ళ భయం. నా కాగితం చేసిన పని చూసినాక ఆ భయాన్ని నేను కాదనలేను.

9. కావున తమరు దయతో ఆలోచించి, డేవిడ్ రాసి ఇచ్చిన హామీ పత్రాన్ని, అనగా నేను రాసిన హామీ పత్రాన్ని, రద్దు చేసి, ఆ రద్దును ఠాణాకు కూడా తెలియజేసి, తల్లిని పంపినందుకు అతని మీద ఎట్టి కేసు ఉండదని సంతకంతో కాగితం ఇప్పించవలెను. రిబ్కమ్మను తీసుకొచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. డేవిడ్ చేత మళ్ళీ ఏమీ మొక్కించవద్దు. లింగవ్వ కొడుకులను పిలిపించవద్దు. గోడ మీది ఫ్లెక్సీ గాలికి చినిగి సగం వేలాడుతున్నది, దాన్ని తమరే తీయించుకోవలెను. లింగమూర్తి తీయడానికి జంకుతున్నాడు, సర్కారు ఆస్తి అంటాడు.

ఆశ్రమాల్లో ముసలివాళ్ళు ఉన్నారంటే ఇండ్లల్లో దుర్మార్గులు ఉన్నట్టేనని తమ కార్యక్రమం అనుకుంటున్నది. కొన్ని ఇండ్లల్లో ఉన్నారు. లింగవ్వను అడగండి. కానీ కొందరం ఇక్కడికి వచ్చింది, మేము పక్కకు తప్పుకుంటే తప్ప ఆ ఇంట్లో వాళ్ళు కళ్ళెత్తి బతకలేరని. మమ్మల్ని తీసుకుపోయి వాళ్ళ కళ్ళెదుట కూర్చోబెట్టి, కుటుంబం కలిసిందని పేపర్లో వేసుకోవద్దు. దీన్ని కోపం అనుకుంటే అనుకోండి. కోపమే.

ఇంతకు మించి రాయడానికి కాగితం ఉంది, మొహం లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ హామీ పత్రానికి మొదటి సాక్షి,
ఇస్తారి
(తోటివారి సంతకాలు, వేలిముద్రలు వెనుకవైపున)

తాజా కలం: పై అర్జీని నిన్న సాయంత్రం వరండాలో అందరికీ చదివి వినిపించాను. ఒక్కొక్కరే వచ్చి సంతకాలు చేశారు. లింగవ్వ బొటనవేలికి సిరా అద్దుకుని, కాగితం మీద పెట్టకుండా ఆగింది. “అందరియి రాసినవ్. నీదేది?” అన్నది.

నాది రాయవలసినంత ఏమీ లేదన్నాను. అయ్యా, షిఫ్టులో నా ముచ్చట ఒక్కటే. నా భార్య అనసూర్య నా ఒళ్ళో తల పెట్టుకుని, నా చేతుల్లోనే ప్రాణం వదిలిందని. విన్నప్పుడల్లా అందరూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. లింగవ్వ అయితే ప్రతిసారీ, అదృష్టవంతురాలు అనేది.

“మీ కోటర్ ఎనుక లైన్లనే ఉన్నం అన్నా మేము. పదేండ్లు ఉన్నం. గోడకు ఇవతల అన్నీ ఇనవడుతయి. నీ చేతులు ఆమెకు ఎట్ల తెలుసో నాకు తెల్వదా?” అన్నది లింగవ్వ. గొంతు పెంచలేదు. సిరా వేలు అట్లాగే పైకెత్తి పట్టుకుని కూర్చుంది. ఆ లైన్‌లో ఎవరుండేవారో నేను ఏనాడూ పట్టించుకోలేదు.

ఈ ఆరేళ్ళూ ఆమెకు తెలుసు. తెలిసే అదృష్టవంతురాలు అన్నది.

అందుచేత నాది కూడా రాస్తున్నాను. అనసూర్య నా చేతుల్లో పోలేదు. మంచిర్యాలలో మా అబ్బాయి సిద్ధు ఇంట్లో పోయింది. పోయిన మూడో రోజు నాకు కబురు వచ్చింది. పిలవవద్దని ఆమే చెప్పిందట. నేను డ్యూటీ దిగి తాగి వచ్చి ఆమెను కొట్టేవాణ్ణి. కూరలో ఉప్పు ఎక్కువైందని కొట్టాను, తక్కువైందని కొట్టాను. పదేళ్ళప్పుడు సిద్ధు తల్లికి అడ్డం నిలబడితే వాడినీ కొట్టాను. వాడికి ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే తల్లిని తీసుకుపోయాడు. నేను రిటైరై కోటర్ ఖాళీ చేసినప్పుడు వాడి గడప ఎక్కాను. తిట్టలేదు. నువ్వు ఈ ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు బాపూ అన్నాడు, అంతే. నేను ఇంట్లో పడుకున్నంత కాలం వాడు భయంతో మేలుకునే పెరిగాడు.

సిద్ధు తన భార్య మీద చెయ్యి ఎత్తడని విన్నాను. వాడు నన్ను చూసి నేర్చుకున్నది అదొక్కటే. వాడి పేరు తమ జాబితాలో ఉంటే కొట్టివేయండి. వాడిని పిలిపించి నా కాళ్ళు మొక్కమని అనకండి.

నాది కూడా రాసి ఇవాళ ప్రొద్దున చదివి వినిపించాక లింగవ్వ వేలిముద్ర వేసింది. రిబ్కమ్మను మా దగ్గరికి పంపించండి. నన్ను మాత్రం ఎవరి దగ్గరికీ పంపకండి.